శ్రీమతి గస్ట్ నెస్విక్ ఎక్కడున్నట్టు?

మా జిల్లాలో ఆడదాని పేరు పేపర్లో రెండుసార్లు పడేది. పుట్టినప్పుడు ఒకసారి, పెళ్ళినాడు ఒకసారి. ఆ తర్వాత సమాధి రాయి మీద చూసుకోవలసిందే, అదీ తను చూసుకునే వీలుండదు. మధ్యలో గడిచే నలభై యాభై ఏళ్ళూ ఆమె శ్రీమతి ఫలానా. ఆ ఫలానా వాడు తాగుబోతు కావచ్చు, చచ్చి పదేళ్ళు కావచ్చు, పేరు మాత్రం ఆయనదే. ఈ పద్ధతి ఎవరు పెట్టారో నాకు తెలియదు గాని, మా స్లెట్టెన్ వైపు దాన్ని గుడ్లురిమి కాపలా కాసింది మాత్రం థోరా నెస్విక్.

థోరా పెద్ద మనిషేమీ కాదు. నలభై ఎకరాల చెక్క, ఆరు ఆవులు, ఒక పాత ట్రక్కు. కానీ మిన్నెసోటాలో మా వారపత్రిక వెళ్ళే ప్రతి ఇంట్లోనూ ఆమె గొంతు వినిపించేది. "స్లెట్టెన్ కబుర్లు" అనే శీర్షిక ఇరవై ఆరేళ్ళపాటు రాసింది. ఎవరింటికి ఎవరు కాఫీకి వెళ్ళారు, ఎవరి ఆవు ఈనింది, ఎవరికి జ్వరం తగిలింది, అన్నీ అందులో ఉండేవి. జీతం లేదు. పేపరు ఉచితం, పెన్సిళ్ళు ఉచితం, పోస్టు బిళ్ళలు ఉచితం. ఆ వైపు తొమ్మిది ఇళ్ళకీ కలిపి ఒకటే టెలిఫోను తీగ. ఎవరికి గంట మోగినా థోరా ఎత్తి వినేది. దాన్ని ఆమె వార్తా సేకరణ అనేది. మిగతా ఎనిమిది ఇళ్ళవాళ్ళు వేరే మాట అనేవారు, ఆ మాట కూడా ఆమె వింటూనే ఉండేది.

ప్రతి మంగళవారం మీగడ డబ్బాలు పాలకేంద్రంలో దించి, అక్కణ్ణుంచి మా ప్రెస్సుకి వచ్చేది. పాత కేలెండరు కాగితాల వెనక రాసిన కబుర్లు నా ముందు పెట్టేది. నేను అక్కడ కంపోజిటర్ని. ఆమె రాసినదాన్ని సీసపు అక్షరాల్లోకి మార్చడం నా పని. పేరు సెల్మా డాల్. పెళ్ళి చేసుకోలేదు. ఈ సంగతి మీకు చెప్పనక్కర్లేదు, థోరా ఏడాదికోసారి చెప్పేది. "మిస్ సెల్మా డాల్ ఇంకా తల్లిదండ్రులతోనే ఉంటున్నారు" అని రాసేది. ఆ "ఇంకా"ని నేను పీకేసేదాన్ని. మరుసటేడు మళ్ళీ పెట్టేది.

"ఏవమ్మాయ్, నా మాట ఒకటి ఎలకలెత్తుకుపోయినట్టున్నాయి?" అనేది.

"చోటు చాల్లేదండీ."

"ఆ రోజు పేజీ అడుగున జానెడు ఖాళీ ఉంది. పందుల మందు బొమ్మ వేసుకున్నారు."

పెళ్ళి వార్తలు రాయాలంటే ఆమె తర్వాతే ఎవరైనా. పెళ్ళికూతురి గౌను మీద మూడు పేరాలు, మెడ దగ్గర లేసు ఎన్ని వరసలో, చేతిలో ఏ పూలో, ముసుగు ఎవరి నాయనమ్మదో అన్నీ రాసేది. పెళ్ళికొడుకు గురించి ఒకే వాక్యం: "వరుడు ముదురు రంగు సూటు వేసుకున్నారు." చివర తన మాట ఒకటి తప్పనిసరి. "వధువు రొట్టెలు ఈ ప్రాంతంలో పేరు పొందినవి కనుక వరుడు దిగులు పడనక్కర్లేదు." ఒకసారి, "శ్రీ ఎల్మర్ గారు ఈ ఏడు రెండు మంచి గుర్రాలనూ ఒక భార్యనూ సంపాదించుకున్నారు" అని రాసింది. గుర్రాల పేర్లు కూడా రాసింది.

ఇక ఆమె సొంత సంసారం. మొగుడు గస్ట్ నెస్విక్ 1934లో మోంటానాలో ఆనకట్ట పనికి వెళ్ళాడు. ప్రతి క్రిస్మస్‌కీ పేపర్లో ఒక వాక్యం పడేది: "శ్రీ గస్ట్ నెస్విక్ పని ఒత్తిడి వల్ల ఈ పండక్కి రాలేకపోయారు. శ్రీమతి గస్ట్ నెస్విక్ ఇంటి వద్దనే పండగ జరుపుకున్నారు." ఆనకట్ట పూర్తయింది. దాని వెనక నీళ్ళు నిండాయి. ఆ నీళ్ళలో చేపలు పెరిగాయి, ఆ చేపలు పట్టడానికి మా ఊరివాళ్ళు సెలవులకు వెళ్ళొచ్చారు కూడా. గస్ట్ పని ఒత్తిడి మాత్రం తగ్గలేదు. ఊళ్ళో ఒక్కరూ ఒక్క మాట అనలేదు. నార్వే నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మా వాళ్ళకి ఎదుటివాడి ఇల్లు తగలబడుతున్నా, వాడు చెప్పేదాకా పొగ వాసన రాదు.

ఆనకట్ట సంగతి నాకూ తెలుసు. పందొమ్మిది క్రిస్మస్‌లు ఆ వాక్యం కూర్చిన చెయ్యి నాదే.

ఇప్పుడు బోర్గిల్డ్ సంగతి. ఆమె మొగుడు ఆల్బర్ట్ మోయెన్, స్లెట్టెన్ చర్చిలో పాటగాడు, మంచి గొంతు. 1949 మార్చిలో ఒక మంగళవారం బోర్గిల్డ్ ఒక పెట్టె పట్టుకుని డులూత్ బస్సెక్కింది. బస్సు ఆగేది మా ప్రెస్సు ముందే. ఆ చలిలో ఆమెకి చేతి తొడుగు ఒకటే ఉంది. రెండో చేతికి కట్టు ఉంది. అంతకు రెండు వారాల ముందు థోరా రాసింది: "శ్రీమతి ఆల్బర్ట్ మోయెన్ చేతి మీద తలుపు పడి గాయమైంది. కోలుకుంటున్నారు." బస్సెక్కిన వారం రాసింది: "శ్రీమతి ఆల్బర్ట్ మోయెన్ డులూత్‌లోని చెల్లెలి ఇంటికి చుట్టపుచూపుగా వెళ్ళారు." ఆర్నెల్లకి, "ఇంకా చెల్లెలి ఇంటనే ఉన్నారు." ఏడాదికీ అదే మాట. రెండేళ్ళకీ అదే. బోర్గిల్డ్ అక్కడ బేకరీలో పనిలో చేరింది, గది అద్దెకు తీసుకుంది, కోర్టుకెళ్ళి విడాకులు పుచ్చుకుంది. మా పేపర్లో మాత్రం చుట్టపుచూపుగానే ఉంది.

1952 ఆగస్టులో బోర్గిల్డ్ వాళ్ళమ్మ పోయింది. అంత్యక్రియలకి వచ్చిన బోర్గిల్డ్, బస్సు దిగి పుట్టింటికి పోకుండా నేరుగా ప్రెస్సులోకొచ్చింది. అప్పటికే థోరా అక్కడ చావు వార్త పట్టుకుని నిలబడి ఉంది. బోర్గిల్డ్ టోపీ కూడా తియ్యలేదు.

"అమ్మ వార్తలో నా పేరెయ్యండి" అంది. "బోర్గిల్డ్ ఓస్ అని. నేను పుట్టినప్పటి పేరు. కోర్టు వాళ్ళు తిరిగిచ్చేశారు."

"వేశానుగా తల్లీ" అని థోరా కాగితం చూపించింది. "ఇదిగో, పెద్ద కూతురు శ్రీమతి ఆల్బర్ట్ మోయెన్, ప్రస్తుతం చుట్టపుచూపుగా..."

"మూడేళ్ళ నించి చుట్టపుచూపేంటండీ! మా చెల్లి పెళ్ళి చేసుకుని షికాగో వెళ్ళిపోయి ఏడాదైంది. నేనెవరి చుట్టాన్నక్కడ?"

"ఆ సంగతి పేపర్లో పళ్ళేదు."

"మీరు రాయలేదు కాబట్టి పళ్ళేదు."

"అదే నేనూ అంటున్నాను."

నాకు నవ్వాగలేదు. బోర్గిల్డ్ నవ్వలేదు. నవ్వినందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

"నీ మంచికేనే పిల్లా" అంది థోరా, గొంతు తగ్గించి. "చుట్టపుచూపుకెళ్ళిన మనిషి రేప్పొద్దున తిరిగొచ్చినా ఎవ్వరూ కిక్కురుమనరు. నీ కోసం తలుపు తెరిచి పెట్టానన్నమాట. మగాడికి కోపం ఉంటుంది. ఎండాకాలం ఈగలుండవూ? ఇల్లు మనది. మనం కాక ఎవరు సర్దుకుంటారు?"

బోర్గిల్డ్ ఎడం చెయ్యి తీసి కౌంటరు మీద పెట్టింది. మధ్యవేలు, ఉంగరం వేలు రెండూ పక్కకి ఒంగి ఉన్నాయి.

"తలుపు పడిందని రాశారు చూడండి. ఆ తలుపు దానంతటదే పళ్ళేదు. నేను తీసెయ్యకుండా చెయ్యి పట్టుకున్నాడు. మీరు తెరిచి పెట్టానంటున్న తలుపూ అదే. నాకొద్దు. మా అమ్మ చచ్చిపోయింది, ఆవిడ కూతుళ్ళలో నా పేరుండాలి. ఇంకేం అడగట్లేదు మిమ్మల్ని."

థోరా ఆ వేళ్ళ వైపు చూసింది. చూసి, కాగితం సర్దుకుంది.

"ఈ వైపు అట్లా రాసే పద్ధతి లేదు" అంది.

మా ఎడిటరు క్విస్ట్ గారు లోపల్నించి వచ్చి, కాలుగాలిన పిల్లిలా కాసేపు అటూ ఇటూ తిరిగి, "విలేకరి రాసిందే అచ్చండీ. కంపోజింగులో మార్చకూడదు. నియమం అది" అన్నారు. పోయేటప్పుడు థోరా నాతో కూడా అంది, "విన్నావుగా అమ్మాయ్. నా 'ఇంకా'ల జోలికి కూడా రాకు" అని.

నేనేం చేశానో చెబుతాను. శ్రీమతి ఆల్బర్ట్ మోయెన్ అని కూర్చాను. ఒక్క వరస మార్చడం నాకెంత పని? ఐదు నిమిషాలు పట్టదు. సొంత "ఇంకా" పీకెయ్యడానికి ఉన్న ధైర్యం ఇంకొకరి పేరు పెట్టడానికి లేకపోయింది. గురువారం పేపరు బయటికొచ్చింది. బోర్గిల్డ్ ఒక కాపీ కొని, కౌంటరు దగ్గరే చదివి, దాన్ని మడిచి అక్కడే వదిలేసి బస్సెక్కింది. నాకు సిగ్గేసింది.

అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, థోరా వంతు మరుసటి ఫిబ్రవరిలో వచ్చింది.

దూరమైనా సరే, చిన్న ఊళ్ళ పత్రికలు ఒకదానికొకటి కాపీలు పంపుకోవడం మామూలు. మన ఊరివాళ్ళ సంగతి కనబడితే క్విస్ట్ గారు కత్తిరించి నా బల్ల మీద పెట్టేవారు. చదివేవారా అంటే, పేరు చూసేవారు, అంతే. ఆ వారం మోంటానా పత్రిక నుంచి ఒక ముక్క వచ్చింది. "పూర్వం మిన్నెసోటా నివాసి అయిన శ్రీ గస్ట్ నెస్విక్ ఈ నెల తొమ్మిదిన గుండె జబ్బుతో మరణించారు. చివరి ఘడియల్లో శ్రీమతి గస్ట్ నెస్విక్, కుమారులు ఇద్దరూ మంచం పక్కనే ఉన్నారు."

నేను చదివాను. రెండోసారి చదివాను. థోరాకి పిల్లల్లేరు. తొమ్మిదో తారీఖున థోరా ఎక్కడుందో కూడా నాకు తెలుసు, ఎందుకంటే ఆమె పక్కన మా అమ్మ ఉంది. చర్చి కింది గదిలో ఇరవైమంది ఆడవాళ్ళు విందు కోసం లెఫ్సె రొట్టెలు వత్తారు. పొద్దున్నించి సాయంత్రం దాకా మోచేతుల వరకూ పిండే.

ఆ ముక్క పట్టుకెళ్ళి క్విస్ట్ గారికి చూపించవచ్చు. థోరాకి ఫోన్ చెయ్యవచ్చు, తొమ్మిది ఇళ్ళూ వింటాయని భయమైతే ట్రక్కులో వెళ్ళి చెప్పవచ్చు. నేను అవేమీ చెయ్యలేదు. కౌంటరు మీద మడిచి వదిలేసిన పేపరు గుర్తొచ్చింది. రాసిందే అచ్చు కదా అనుకుని, అక్షరం పొల్లుపోకుండా కూర్చాను. మంచిపనని అనను. పొరపాటున జరిగిందనీ అనను.

గురువారం పేపరొచ్చింది. శుక్రవారం నుంచి థోరా ఇంటికి కేకులు రావడం మొదలైంది. రొట్టెలు వత్తిన ఆ ఇరవైమంది ఆడవాళ్ళూ నల్లబట్టలు కట్టుకుని, గిన్నెలు పట్టుకుని వెళ్ళారు. మా అమ్మ కూడా బంగాళాదుంపల కూర చేసి పట్టుకెళ్ళింది.

"అమ్మా, ఆవేళ థోరా నీ పక్కనే ఉంది కదా?" అన్నాను.

"ఉంది."

"మరి మంచం పక్కనెట్లా ఉంటుంది?"

"పేపర్లో వేశారుగా" అంది మా అమ్మ, కూర మీద మూత పెడుతూ. "ఉండే ఉంటుంది. అయినా అలాంటివి అడుగుతారా ఎవరైనా? పెళ్ళి కాని దానివి, నీకు తెలీదు."

ఇద్దరు కొడుకుల సంగతి మా ఊళ్ళో ఎవరూ ఎత్తలేదు. పేపర్లో సగం వాక్యం నమ్మి, సగం వాక్యం మింగేశారు.

మంగళవారం థోరా ప్రెస్సుకొచ్చింది. చేతిలో కాగితాల్లేవు. కౌంటరు ఇవతలకొచ్చి నా మిషను పక్కన స్టూలు మీద కూర్చుంది. అట్లా కూర్చోవడం అదే మొదటిసారి.

"చూసే కూర్చావా?"

"చూసే కూర్చానండీ."

"తీసెయ్యాల్సింది."

"రాసిందే అచ్చన్నారు. కంపోజింగులో మార్చకూడదన్నారు."

ఆమె తల ఊపింది. కోప్పడుతుందనుకున్నాను, కోప్పడితే నాకూ బాగుండేది.

"పదమూడు కేకులొచ్చాయి" అంది. "ఆవేళ నా ఎదురుగా నిలబడి రొట్టెలు కాల్చిన ఆల్మా లేదూ, ఆవిడ నా చెయ్యి పట్టుకుని, 'అదృష్టవంతురాలివి, చివరి చూపు దక్కింది. ఆఖర్లో ఏమైనా మాట్లాడాడా?' అనడిగింది."

"మీరేమన్నారు?"

"మంచినీళ్ళడిగాడన్నాను."

నేను నవ్వలేదు ఈసారి.

"పందొమ్మిదేళ్ళు" అంది. "ఆ పేరు నేను వాడకపోతే ఊరు నన్ను ఏమనుకుంటుందోనని ఇస్త్రీ చేసి మరీ కట్టుకున్నానమ్మాయ్. నేనిక్కడ కట్టుకుంటుంటే అక్కడ ఇంకొకావిడ కట్టుకు తిరుగుతోంది. ఆవిణ్ణి తిడదామంటే ఎవరని తిట్టను? నన్ను నేనే తిట్టుకున్నట్టుంటుంది. ఆ పేపరు ముక్కని నేను పదిసార్లు చదివాను. అందులో నేను లేనని ఎక్కడా లేదు. ఉన్నాననీ లేదు. అట్లాగే రాస్తారు. నేనూ అట్లాగే రాశాను."

తన ఎడం చేతి వేళ్ళు చూసుకుంది. తర్వాత, "ఆ పిల్ల వేళ్ళు చూశాను ఆ రోజు" అంది. "చూళ్ళేదనుకోకు."

లేచి, కౌంటరు మీది పెన్సిలు తీసుకుని, అక్కడే నిలబడి రాసింది. క్విస్ట్ గారు వచ్చి చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివారు.

"ఇది వెయ్యలేమండీ మిసెస్ నెస్విక్. ఊరు ఏమంటుంది? మీకే చెడ్డపేరు."

"విలేకరి రాసిందే అచ్చు" అంది థోరా. "మీ నియమమేగా. వేస్తారా, ఇరవై ఆరేళ్ళ పోస్టు బిళ్ళలు తిరిగిచ్చెయ్యమంటారా?"

ఆయన తనకి లోపల పనుందన్నారు. నేను కూర్చాను. ఆ వారం స్లెట్టెన్ కబుర్లలో, ఎవరో కొన్న ట్రాక్టరుకీ ఎవరింటి కాఫీ విందుకీ మధ్య, ఇవి పడ్డాయి:

"ఫిబ్రవరి తొమ్మిదిన థోరా నెస్విక్ చర్చిలో రొట్టెలు వత్తింది. మోంటానా వెళ్ళలేదు. ఎన్నడూ వెళ్ళలేదు. మంచం పక్కనున్నది వేరే మనిషి. ఆమె పేరు ఈ విలేకరికి తెలియదు, ఎక్కడా అచ్చు కాలేదు.

"బోర్గిల్డ్ ఓస్ డులూత్‌లో నివసిస్తోంది. చుట్టపుచూపుగా వెళ్ళలేదు. ఆమె చేతి మీద తలుపు దానంతటదే పడలేదు. గత ఆగస్టులో ఆమె తల్లి మరణవార్తలో ఆమె పేరు వెయ్యనందుకు ఈ విలేకరి చింతిస్తోంది."

ఊరు ఏమందంటారా? ఏమీ అనలేదు. ఆ ఆదివారం చర్చిలో థోరా పక్కన బల్ల ఖాళీగా ఉంది. పదమూడు కేకుల పళ్ళేలూ ఎవరివి వాళ్ళు వచ్చి పట్టుకెళ్ళారు, గుమ్మం లోపలికి రాలేదు. ఆల్బర్ట్ మోయెన్ ఆ వారం పాట పాడాడు, ఎప్పటిలాగే బాగా పాడాడని అందరూ అన్నారు. పేపరు కాపీ ఒకటి నేను డులూత్ బేకరీకి పంపాను. జవాబుగా ఉత్తరం రాలేదు, ఒక డబ్బాడు బిస్కెట్లు వచ్చాయి. పైన చీటీ మీద రెండు పేర్లు: థోరాకి, సెల్మాకి.

థోరా మాత్రం పూర్తిగా మారిపోయిందనుకోకండి. చింత చచ్చినా పులుపు చావదు. మరుసటి వారమే మళ్ళీ శ్రీమతి ఫలానా, శ్రీమతి ఫలానా. అడిగితే, "వాళ్ళు అడగలేదుగా" అంది. కానీ జూన్‌లో జరిగిన ఒక పెళ్ళికి వరుడి టై రంగు, దాని మీది చుక్కలు, జోళ్ళ పాలిష్, జుట్టుకి రాసిన నూనె, అన్నింటి మీదా రెండు పేరాలు రాసింది. చదివిన వరుడి తండ్రి ప్రెస్సుకొచ్చి పోట్లాడాడు.

ఇంతకీ ఆమె అసలు పట్టుదల మోంటానా మీద. మంచం పక్కనున్నావిడ పేరు తెలుసుకోవాలని ఆ పత్రికాఫీసు ద్వారా ఉత్తరం రాసింది. నిష్ఠూరమేమీ లేదు, నేను చదివాను. "మీకు కలిగిన నష్టానికి విచారిస్తున్నాను. మీ పేరు తెలియజేస్తే సంతోషిస్తాను. ఇట్లు, థోరా నెస్విక్." మూడు వారాల తర్వాత జవాబొచ్చింది. థోరా దాన్ని తీసుకుని నేరుగా నా దగ్గరికొచ్చి, "నువ్వే చదువు, నా కళ్ళజోడు మర్చిపోయాను" అంది. కళ్ళజోడు ఆమె నెత్తి మీదే ఉంది.

చక్కని గుండ్రటి చేతిరాత. ఓదార్పుకి కృతజ్ఞతలు చెప్పింది. అబ్బాయిలిద్దరూ బాగా దిగులు పడుతున్నారంది. "మిన్నెసోటాలో తనకొక అక్కగారు ఉన్నారనీ, చిన్నప్పటి నుంచీ కష్టజీవి అనీ ఆయన చెప్పేవారు. ఆ అక్కగారు మీరే అయి ఉంటారు" అంది. ఎప్పుడైనా వస్తే తమ ఇంట్లోనే దిగమంది.

అక్కడ నేను ఆగాను.

"ఆపావేం? కింద సంతకం చదువు" అంది థోరా.

"శ్రీమతి గస్ట్ నెస్విక్" అని చదివాను.

ఆమె కాగితం లాక్కుని, నెత్తి మీది కళ్ళజోడు దించుకుని తనే చూసుకుంది. వెనక్కి తిప్పి చూసింది. కవరులో వేలు పెట్టి వెతికింది.

"పేరడిగితే ఇదా చెప్పేది, పిచ్చి మొహం!" అంది. కాగితం నా బల్ల మీద విసిరికొట్టింది. ఆ విసురు కోపం వల్లో, ఆ "అక్కగారు" వల్లో నేను అడగలేదు. పెన్సిలు అందుకుని స్టూలు నా మిషను దగ్గరికి జరుపుకుంది.

"ఒక కాగితమియ్యమ్మాయ్. మళ్ళీ రాస్తాను. ఈసారి వాళ్ళమ్మ ఏమని పిలిచేదో అడుగుతాను."